ఏఏ మీటింగ్ ఎట్ల వెతకాలె, పోయే ముందు ఏం చూసుకోవాలె?

మందులషాపు_కరీంనగర్
నమస్తే అందరికి. మెడికల్ షాపు కౌంటర్ కాడికొచ్చి "తాగుడు మాన్పించే గోళీ ఏమన్న ఉన్నదా" అని అడిగేటోళ్లు మస్తు మంది. ఎక్కువ శాతం భార్యలు, తల్లులు. డాక్టర్ చీటీ లేంది ఇయ్యమని చెప్తం. వాళ్లు అట్నే పోయి ఏదో పొడి కొనుక్కుంటరు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) అని, తాగుడు మానాలనుకునేటోళ్లు కూసొని మాట్లాడుకునే గ్రూపు ఒకటి ఉంటదని చెప్తం గని, ఎక్కడ ఉంటది, ఏ దినం, పోయినంక ఏం చేస్తరు అని ఎదురు అడిగితే చెప్పొస్తలేదు. తెలిసినోళ్లు కొంచెం వివరంగ రాయున్రి. ఎవరి కష్టాల కథలు వాళ్లు వేరే థ్రెడ్ల పెట్టుకుందాం, ఇక్కడ పనికొచ్చే ముచ్చట మాత్రం.

సేవాకమిటీ_విశాఖ
మంచి ప్రశ్న అన్నా. వెతకడం వరకు నేను చెబుతాను.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా మీటింగుల జాబితా ఉంటుంది. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాలకి హెల్ప్‌లైన్ నంబర్లు కూడా అక్కడే దొరుకుతాయి. కానీ జాబితాలో ఉన్న టైము నమ్ముకుని బస్సెక్కకండి. గ్రూపులు నడిచేది అద్దె గదుల్లో. స్కూల్లో పరీక్షలొస్తే గది మారుతుంది, పండగొస్తే రోజు మారుతుంది, వెబ్‌సైట్‌లో మార్చేవాడు కూడా మనలాంటి వాలంటీరే, వాడికి తీరిక దొరికినప్పుడు మారుస్తాడు. మూసిన గేటు చూసి వెనక్కి వెళ్లిపోయినవాడు రెండోసారి రాడు. అందుకే జాబితా నుంచి తీసుకోవాల్సింది ఫోన్ నంబరు ఒక్కటే. మిగతావన్నీ ఫోన్‌లో అడగండి.

ఫోన్ ఎత్తేది కాల్ సెంటర్ కాదు, ఉద్యోగం చేసుకునే మనిషి. సాయంత్రం ఆరు తర్వాత అయితే దొరుకుతాడు. ఎత్తకపోతే "ఏఏ మీటింగ్ వివరాలు కావాలి, ఊరు ఫలానా" అని మెసేజ్ పెడితే చాలు, పేరు అక్కర్లేదు. ఎత్తితే అడగాల్సినవి: ఈ రోజు మీటింగ్ ఖాయమా, తెలుగులో మాట్లాడతారా ఇంగ్లీషా హిందీయా, ఓపెన్ మీటింగా క్లోజ్డా, ఏ గేటులోంచి రావాలి, ఏ అంతస్తు. చివరగా ఒక్కటి మర్చిపోకండి: "పావుగంట ముందు వస్తాను, బయట ఎవరైనా ఉంటారా?" కొత్తవాళ్లలో చాలామంది గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతారు. బయట ఒక మనిషి నిలబడి ఉంటే లోపలికి వస్తారు.

పెద్ద బోర్డు కోసం వెతక్కండి. గోడకి చిన్న కాగితం, దాని మీద ఏఏ అని, ఒక బాణం గుర్తు. అంతే ఉంటుంది. వాచ్‌మన్‌ని అడిగితే చూపిస్తాడు, ఎందుకు ఏమిటని అడగడు.

నర్స్_డీఅడిక్షన్
ఒక్క నిమిషం. వెతకడం కంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. మీటింగ్‌కి వెళ్దామన్న ఉత్సాహంతో రోజూ తాగే మనిషి పొద్దున్నించి టక్కున ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఏఏ వాళ్లు వైద్యం చేయరు, అది వాళ్ల పని కూడా కాదు.

లెక్క ఇలా చూడండి. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన విస్కీ, బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే ఒక క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతం అనుకుంటే 40 గ్రాములు. "బీరే కదండీ" అనేవాళ్లు రోజుకి మూడు తాగితే రెండు క్వార్టర్లు తాగినట్టే. రోజూ ఈ స్థాయిలో తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికి ఒక పెగ్గు వేస్తేగానీ కుదురుకోనివాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాతే మీటింగ్‌కి.

ఆపాక ఏ గంటలో ఏం వస్తుందంటే: ఆరు నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య అసలు ప్రమాదం. మనిషి అయోమయంలో పడతాడు, లేనివి కనిపిస్తాయి, గోడ మీద పురుగులంటాడు, జ్వరం, బీపీ పెరుగుతాయి. మేం డీటీ అంటాం. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని ఎక్కడెక్కడికో తిప్పుతారు. ఆ తిప్పటంలోనే విలువైన గంటలు పోతాయి. అప్పుడు చేయాల్సింది 108కి ఫోన్.

ఆసుపత్రిలో చేసేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ, లివర్ బాగా దెబ్బతింటే లోరాజిపామ్ గానీ మొదలుపెట్టి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం లోపల ఆపేస్తారు. థయామిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్ ఇస్తారు. ఊళ్లో ఆర్ఎంపీ "నీరసంగా ఉన్నాడు" అని ఉట్టి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం ఇక్కడే బెడిసికొడుతుంది. థయామిన్ లేకుండా గ్లూకోజ్ ఇస్తే మెదడు దెబ్బతినే అవకాశం ఉంది. ఆర్ఎంపీని అడగండి, బీ1 ఇచ్చారా అని.

గతంలో ఫిట్స్ వచ్చినవాళ్లు, కామెర్లు ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు అడ్మిట్ కావాల్సిందే. మిగతావాళ్లకి, పక్కన ఒక మనిషి ఉంటే, చాలాసార్లు ఓపీలోనే సరిపోతుంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు ఎలాగూ ఉన్నాయి. డాక్టర్ దగ్గరికి చేరేదాకా, రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత బలవంతంగా ఆపించకండి. చేరడం మాత్రం ఆలస్యం చేయకండి.

మందులషాపు_కరీంనగర్
గ్లూకోజ్ ముచ్చట మంచిగ చెప్పిన్రు మేడమ్. ఇంకోటి. నిద్ర పడ్తలేదని అల్ప్రాజోలం అడుగుతరు. అది హెచ్1 షెడ్యూల్. చీటీ ఉండాలె, రిజిస్టర్ల పేరు రాయాలె, ఆ రిజిస్టర్ మూడేండ్లు దాచాలె. ఇయ్యకపోతే కొట్లాటకు వస్తరు. చీటీ లేకుంట ఇచ్చేటోడు ఎవడో ఒకడు ఉంటనే ఉంటడు.

నాకో డౌట్. కల్లు తాగేటోళ్ల సంగతేంది? మా దిక్కు సగం మంది కల్లు కాంపౌండే. సారా కాదు, బ్రాందీ కాదు, "చెట్టు కల్లే" అంటరు.

నల్లగొండ_కౌన్సిలర్
చెట్టు మీదికెల్లి దించిన కల్లు వేరు, కాంపౌండ్ల కల్లు వేరు అన్నా. కాంపౌండ్ల అమ్మే దాంట్ల చాన చోట్ల అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుకున్నరు. తాగేటోనికి కల్లు కన్న ఆ మత్తుమందే ఎక్కువ అలవాటైతది. 2020 లాక్‌డౌన్ల కాంపౌండ్లు బంద్ కాంగనే ఎర్రగడ్డ ఓపీ నిండిపోయింది గద, పేపర్లల్ల వచ్చింది. కల్లు దొరకక పిచ్చి లేసిందని రాసిన్రు. అసలు జరిగింది గా గోళీల విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మత్తు ఒక్కసారి ఆగితే వచ్చే బాధ.

తేడా ఏడ వస్తదంటే, గోళీలను బట్టి లక్షణాలు ఆలస్యంగ మొదలు కావచ్చు, ఎక్కువ దినాలు సాగుతయి. మూడు దినాలు మంచిగున్నడు, గండం గట్టెక్కింది అనుకుంటరు, అప్పుడు ఫిట్స్ వస్తయి. అందుకని డాక్టర్‌కు "తాగుతడు" అని చెప్తే సాలదు. "కాంపౌండ్ కల్లు, దినానికి ఇన్ని సీసాలు, ఇన్నేండ్ల నుంచి" అని చెప్పాలె. మందు తగ్గించే లెక్క మారిపోతది. ఆడోళ్లు గూడ తాగుతరు, పని కాడికెల్లి వస్త వస్త. వాళ్లను అడిగేటోడు ఉండడు, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఏఏకు కల్లోళ్లు రావొచ్చునా అంటే రావొచ్చు. ఏం తాగిన్రని ఎవరడుగరు.

సందేహాలరావు
చదువుతున్నాను. నాకు మూడు అనుమానాలు. ఒకటి, ఈ మీటింగులు చర్చి ఆవరణల్లో జరుగుతాయి, దేవుడి పేరు ఎత్తుతారు, ఇది మతం మార్చే వ్యవహారమా? రెండు, డబ్బులెంత? మూడు, కూర్చుని మాట్లాడుకుంటే తాగుడు పోతుందని రుజువేమన్నా ఉందా, లేక భజన బృందమా?

సేవాకమిటీ_విశాఖ
రావుగారూ, వరసగా చెబుతాను.

చర్చి వాళ్లు, మిషన్ స్కూళ్ల వాళ్లు తక్కువ అద్దెకి గది ఇస్తారు, అందుకే అక్కడ. ఆసుపత్రి హాల్లోనూ జరుగుతాయి, కమ్యూనిటీ హాల్లోనూ జరుగుతాయి. ఏఏ ఏ మతానికీ, పార్టీకీ, సంస్థకీ అనుబంధం కాదు. తాగుడు మానడానికి ఏఏ వాళ్లు పాటించే 12 మెట్లలో దేవుడి మాట వస్తుంది, "మనకు అర్థమైన రీతిలో" అన్న సవరణతో. గదిలో వెంకన్న భక్తుడు, నమాజు చేసుకునేవాడు, దేవుడే లేడనేవాడు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. ప్రార్థన ఇష్టం లేకపోతే నోరు మూసుకుని నిలబడొచ్చు, ఎవరూ పట్టించుకోరు. అయినా మింగుడు పడకపోతే స్మార్ట్ రికవరీ అని 1994 నుంచి ఇంకో పద్ధతి ఉంది. దేవుడి ప్రసక్తి ఉండదు, ఆలోచనా విధానం మార్చుకునే అభ్యాసాలుంటాయి. తెలుగువాళ్లకి అది దాదాపు ఆన్‌లైన్‌లోనే, ఇంగ్లీషులోనే.

డబ్బులు: ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఆధార్ లేదు. మధ్యలో ఒక డబ్బా తిప్పుతారు. పదో ఇరవయ్యో వేసేవాళ్లు వేస్తారు, అది గది అద్దెకి, టీకి. కొత్తవాళ్లు వేయక్కర్లేదు. బయటివాళ్లు లక్ష ఇస్తానన్నా తీసుకోరు, ఏఏ గ్రూపుల నియమాల్లో ఏడోది, ఏడో సంప్రదాయం అంటాం, ఒప్పుకోదు. ఏఏ పేరు చెప్పి ఎవరైనా అడ్వాన్సు అడిగితే అది ఏఏ కాదు.

పబ్లిక్‌హెల్త్_చదువరి
మూడో అనుమానం నాకు వదిలేయండి. 2020లో కొక్రేన్ (వైద్య అధ్యయనాలన్నీ కలిపి తూచే సంస్థ) సమీక్ష వచ్చింది, 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏఏకి, లేదా ఏఏ వైపు పద్ధతిగా మళ్లించే 12 మెట్ల చికిత్సకి పంపినవాళ్లని వేరే చికిత్సలు తీసుకున్నవాళ్లతో పోల్చారు. పూర్తిగా మానేసి ఉండటం అనే కొలత దగ్గర ఏఏ వైపే మొగ్గు కనిపించింది. తాగే మోతాదు తగ్గడం లాంటి కొలతల్లో మిగతావాటితో సమానంగా ఉంది.

ఇందులో మెలిక చూడండి. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో కౌన్సిలర్ పక్కన కూర్చుని, ఫలానా మీటింగ్‌కి వెళ్లావా, ఎవరితో మాట్లాడావు, స్పాన్సర్ (దగ్గరుండి దారి చూపే పాత సభ్యుడు) దొరికాడా అని ప్రతి వారం అడిగాడు. "ఏఏకి వెళ్లు బాబూ" అని చీటీ రాసి పంపేయడం వేరే సంగతి. మన ఆసుపత్రుల్లో జరిగేది ఎక్కువగా ఆ రెండోదే. అందుకే డిశ్చార్జి రోజున, వార్డు నుంచే గ్రూపుకి ఫోన్ కలిపి రోగి చేత మాట్లాడించండి. ఖర్చు లేని పని.

సందేహాలరావు
ఇది ఒప్పుకుంటాను. లోపల ఏం జరుగుతుందో చెప్పండి. లేచి నిలబడి పాపాలు ఒప్పుకోవాలా?

సేవాకమిటీ_విశాఖ
అక్కర్లేదు. గంట, గంటన్నర. కుర్చీలు గుండ్రంగానో వరసగానో ఉంటాయి, మెట్లు రాసిన బ్యానరు, టేబుల్ మీద పుస్తకాలు, టీ, బిస్కెట్లు. టైముకి ఛైర్‌పర్సన్ మొదలెడతాడు, ఒక నిమిషం మౌనం, తర్వాత ఏఏ అంటే ఏమిటో ఒక పేరా చదువుతారు, పుస్తకంలోంచి ఒక భాగం చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి అయిదారు నిమిషాలు మాట్లాడతారు. అందరూ పేరు పెట్టి పలకరిస్తారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు సలహా ఇవ్వడం, ప్రశ్న వేయడం, వాదించడం ఉండదు. మన తెలుగువాళ్లకి అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే!

కొత్తవాళ్ల వంతు వస్తే "ఈ రోజు వినడానికి వచ్చాను" అంటే చాలు, పక్కవాళ్లకి వెళ్లిపోతుంది. అసలు పేరు చెప్పకపోయినా పర్వాలేదు. ఓపెన్ మీటింగ్ అయితే భార్య, అన్నదమ్ములు, నర్సింగ్ విద్యార్థులు ఎవరైనా కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలన్న కోరిక ఉన్నవాళ్లే. సభ్యత్వానికి ఆ కోరిక ఒక్కటే అర్హత. తోడు ఎవరైనా వస్తుంటే ముందే ఫోన్‌లో ఓపెనా అని అడగమన్నది ఇందుకే.

మీటింగ్ అయిపోయాక పావుగంట ఉండండి. అసలు పని అక్కడే జరుగుతుంది. ఫోన్ నంబర్లు మారేది, "రేపు సాయంత్రం తాగాలనిపిస్తే ఎవరికి చేయాలి" అన్నది తేలేది టీ గ్లాసు దగ్గరే. ప్రార్థన అవ్వగానే బండి స్టార్ట్ చేసేవాళ్లు ఎక్కువ కాలం నిలవరు.

ఒక మీటింగ్ నచ్చకపోతే ఏఏ నచ్చలేదని కాదు. ఒక గ్రూపులో అందరూ రిటైర్డ్ ఉద్యోగులు, ఇంకో దాంట్లో ఆటో డ్రైవర్లు, మరో దాంట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు. కనీసం ఆరు మీటింగులు, వీలైతే రెండు మూడు వేర్వేరు గ్రూపుల్లో చూసి అప్పుడు తీర్పు చెప్పండి. మొదటి మూడు నెలలు 90 రోజుల్లో 90 మీటింగులన్న మాట పాతవాళ్లు అంటారు. చిన్న ఊళ్లో అది ఆన్‌లైన్ కలిపితేగానీ కుదరదు.

నల్లగొండ_కౌన్సిలర్
తాగి వస్తే రానిస్తరా? గిది చానమంది అడుగుతరు.

సేవాకమిటీ_విశాఖ
రానిస్తారు. గొడవ చేయకూడదు, ఆ రోజు మాట్లాడకూడదు, వెనక కూర్చుని వినాలి. సీసా జేబులో ఉంటే లోపలికి రానివ్వరు. కొన్ని గ్రూపులు ఇంకొంచెం కఠినంగా ఉంటాయి. బండి మీద వచ్చి ఉంటే తాళం తీసుకుని ఎవరో ఒకరు దిగబెడతారు.

మోడరేటర్
మధ్యలో ఒక మాట. ఫోన్ నంబర్లు అడుగుతున్నారు. వ్యక్తుల సొంత నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, తీసేస్తాం. దేశమంతటికీ పనిచేసేవి: మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. టెలిమానస్‌లో తెలుగు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అత్యవసరానికి 108.

ఆలనాన్_గుంటూరు
మందులషాపు అన్నయ్యగారూ, మీ దగ్గరికి వచ్చేది భార్యలూ తల్లులూ అన్నారు. వాళ్లకి అతని మీటింగ్ అడ్రస్ ఇచ్చి పంపితే సగం పనే. వాళ్లకోసం, తాగేవాళ్ల ఇంటివాళ్లు కలిసి కూర్చునే ఆలనాన్ ఉంది, 1951 నుంచి వేరే సంస్థగా నడుస్తోంది. అతను మానినా మానకపోయినా ఈవిడ వెళ్లొచ్చు. ఈ మాట చెప్తే ఆశ్చర్యపోతారు, "తాగేది ఆయన, నేనెందుకండీ" అంటారు.

ఆవిడ చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, బెల్టు షాపు బాకీ తీర్చడం, సీసాలో నీళ్లు కలపడం, వాంతి కడిగి మంచం మీద పడుకోబెట్టడం, ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు. ఫలితం మాత్రం, తాగినందుకు అతనికి తగలాల్సిన దెబ్బ ఈవిడకి తగులుతుంది. ఆపగలిగేవి ఇవే. తాగి ఉన్న మనిషితో ఆ రాత్రి వాదించకండి, మర్నాడు గుర్తుండదు. మీటింగ్ మాట ఎత్తడానికి మంచి సమయం పొద్దున పూట, తాగి పడి దెబ్బ తగిలిన మర్నాడో, డాక్టర్ రిపోర్టు వచ్చిన రోజో. "మానెయ్" అని కాకుండా "ఈ శనివారం ఓపెన్ మీటింగ్ ఉంది, నేనూ వస్తా, ఒక్కసారి కూర్చుందాం" అంటే కాదనడం కష్టం.

కొడుతుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఓపిక పట్టే విషయం కాదది.

మందులషాపు_కరీంనగర్
అక్కా, అన్నంల కలిపి పెట్టే పొడి అడుగుతరు గద, దాని గురించి గూడ చెప్పున్రి. "తెల్వకుండ కలపాలె" అని యాడ్ల ఉంటది.

నర్స్_డీఅడిక్షన్
అది నేను చెబుతాను. ఆ పొడుల్లో కొన్నిట్లో ఏమీ ఉండదు. కొన్నిట్లో డైసల్ఫిరామ్ ఉంటుంది, అదే అసలు భయం. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, తల పగిలిపోయేలా నొప్పి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉంటే చనిపోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అందుకే తెలిసి, ఒప్పుకుని, సంతకం పెట్టినవాళ్లకే ఇస్తారు. చివరి చుక్క తాగి కనీసం 12 గంటలయ్యాక, లివర్ పరీక్ష చూసి మొదలుపెడతారు. తెలియకుండా కలిపితే, అతనికి వచ్చింది గుండెపోటో మందు పనో డాక్టర్‌కి కూడా అర్థం కాదు.

తెలిసి వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. కొన్ని దగ్గు సిరప్‌లు, హోమియో టింక్చర్లు, మౌత్‌వాష్‌లు, ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాల్లో ఆల్కహాల్ ఉంటుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో డైసల్ఫిరామ్ కలిపి వాడకూడదు. షాపు అన్నగారు ఇక్కడ నిజంగా ఉపయోగపడతారు, చీటీలో డైసల్ఫిరామ్ కనిపిస్తే ఈ నాలుగు మాటలు చెప్పి ఇవ్వండి.

నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని కోరిక తగ్గించేవి కూడా ఉన్నాయి. ఇవి వాడుతూ ఏఏకి వెళ్లొచ్చు. గ్రూపులో ఏ పెద్దమనిషైనా "మాత్రలు కూడా మత్తే, ఆపెయ్" అంటే ఆ సలహా వినకండి. ఏఏ సొంత కరపత్రమే సభ్యులు డాక్టర్ పాత్ర వేయకూడదని చెబుతుంది.

సేవాకమిటీ_విశాఖ
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అలాంటి పెద్దమనుషులు ప్రతి గ్రూపులో ఒకరుంటారు.

డాలస్_తెలుగోడు
బయట దేశాల్లో ఉన్నవాళ్ల కోసం. అమెరికాలో ఏఏ వాళ్ల మీటింగ్ గైడ్ యాప్ ఉంది, దగ్గర్లోని మీటింగులు దూరంతో సహా చూపిస్తుంది, జాబితాలు చాలావరకు తాజాగా ఉంటాయి. తాగి నడిపి పట్టుబడినవాళ్లని కోర్టు మీటింగులకి పంపితే హాజరు స్లిప్ మీద సంతకం కావాలి. అన్ని గ్రూపులూ పెట్టవు. మొదలయ్యే ముందే సెక్రటరీని అడిగి స్లిప్ ఇవ్వండి, అయిపోయాక పరిగెత్తితే దొరకరు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు గమనించాల్సింది ఇంకోటి: డీయూఐలో (తాగి నడిపిన కేసులో) అరెస్టయితే, శిక్ష పడకముందే కాన్సులేట్ వీసా రద్దు చేసిన సందర్భాలున్నాయి. మీటింగ్ స్లిప్ దానికి మందు కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి అప్పుడు ఇండియా ప్రయాణం పెట్టుకోండి.

ఇండియా ఆన్‌లైన్ మీటింగులకి టైము లెక్క: అక్కడ రాత్రి 8 అంటే దుబాయ్‌లో సాయంత్రం 6:30, కువైట్, రియాద్‌లో 5:30, డాలస్‌లో వేసవిలో పొద్దున 9:30, చలికాలంలో 8:30.

నల్లగొండ_కౌన్సిలర్
కువైట్, సౌదీల ఉన్నోళ్లకు నాదొక మాట. అక్కడ దాచి కాసిన సరుకుల మిథనాల్ అనే విషం ఉండొచ్చు. తాగిన తెల్లారి చూపు మసకబారితే, మంచు పట్టినట్టు కనిపిస్తే అది హ్యాంగోవర్ కాదు. కేసు అయితదని రూముల పండుకోవద్దు, కండ్లు పోతయి, పానం పోతది. ఆసుపత్రికి ఉరకాలె.

పేరులేని_సభ్యురాలు
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు ఊళ్లలో గ్రూపుకి వెళ్తే గదిలో ఒక్క ఆడమనిషే ఉండొచ్చు. ఫోన్ చేసినప్పుడే "ఆడవాళ్లు వస్తారా, మహిళలకి వేరే మీటింగ్ ఉందా" అని అడగండి. ఊళ్లో లేకపోతే మహిళల ఆన్‌లైన్ మీటింగులు మేలు. స్పాన్సర్ ఆడవాళ్లకి ఆడవాళ్లే, మగవాళ్లకి మగవాళ్లే అన్నది పద్ధతి. కొత్తగా వచ్చిన అమ్మాయికి "నేను స్పాన్సర్‌గా ఉంటా, రాత్రి ఫోన్ చెయ్" అనే మగ పాతకాపులు కొన్ని చోట్ల ఉంటారు. వాళ్ల నంబరు తీసుకోనక్కర్లేదు, సెక్రటరీకి చెప్పండి, సెక్రటరీ పట్టించుకోకపోతే గ్రూపు మార్చండి.

గుట్టు గురించి కూడా. ఇక్కడ విన్నది ఇక్కడే అన్నది సభ్యుల మధ్య మాట. డాక్టర్‌కో లాయర్‌కో ఉన్నట్టు చట్టబద్ధమైన బాధ్యత కాదు. కోర్టు కేసులు, ఇంటి ఆస్తి గొడవలు, ఇంకొకరి పేర్లు గదిలో చెప్పకండి. తాగుడు గురించి మాత్రం చెప్పండి.

వాట్సాప్ గ్రూపులో చేరగానే మీ నంబరు, ప్రొఫైల్ ఫొటో అందరికీ కనిపిస్తాయి. చేరే ముందే ఫొటో సెట్టింగు "కాంటాక్టులకి మాత్రమే" అని మార్చుకోండి. జూమ్‌లో ఆఫీసు అకౌంటుతో వెళ్తే పూర్తి పేరు, కంపెనీ మెయిల్ పేరు పడిపోతుంది. వేరే అకౌంటు చేసుకుని పేరు, ఒక అక్షరం పెట్టుకోండి. కెమెరా ఆపొచ్చు. ఇంట్లో వినబడకుండా ఇయర్‌ఫోన్స్. రికార్డు చేయడం నిషిద్ధం.

సందేహాలరావు
బాగుంది, చాలా తెలిసింది. నెలకి ఇంత అని తీసుకుని మూడు నెలలు ఉంచుకునే డీఅడిక్షన్ సెంటర్లు కూడా ఏఏ పేరు వాడతాయి కదా, వాటి సంగతేమిటి?

నర్స్_డీఅడిక్షన్
ఏఏ ఏ సెంటర్‌నీ నడపదు. కొన్ని సెంటర్లలో సాయంత్రం ఏఏ వాళ్లు వచ్చి మీటింగ్ పెడతారు, అంతవరకే సంబంధం. చేర్చే ముందు అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా, సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తారు, రాత్రి నర్స్ ఉంటారా, ఇంటివాళ్లు చూడటానికి ఎప్పుడు రావచ్చు. "నెల దాకా చూడకూడదు, ఫోన్ ఇవ్వం" అంటే, "వ్యాన్ పంపి ఎత్తుకొస్తాం" అంటే వెనక్కి రండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. గొలుసులతో కట్టేయడం, కొట్టడం నేరం. మనిషి ఒప్పుకోకుండా చేర్చాలంటే డాక్టర్ల పరీక్ష, నామినేట్ చేసిన ప్రతినిధి దరఖాస్తు, 30 రోజుల పరిమితి ఉన్నాయి. ఇంటివాళ్లు సంతకం పెడితే చాలన్నది అబద్ధం.

మందులషాపు_కరీంనగర్
ఇగ ఆఖరికి ఒకటి. అయ్యప్ప మాల ఏస్తె 41 దినాలు ముట్టడు, ఇరుముడి దించిన రాత్రే సీసా తీస్తడు. గట్లాంటోనికి మీటింగ్ అక్కెరకు వస్తదా? ఒట్టు పెడితే ఆగుతడు గద, ఆపే శక్తి ఉన్నట్టే గద?

సేవాకమిటీ_విశాఖ
మాల 41 రోజులు ఎందుకు ఆపగలుగుతుందో చూడండి అన్నా. తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానం, రోజూ భజన, చుట్టూ అదే దీక్షలో ఉన్న స్వాములు, ఒంటి మీద నల్లబట్టలు చూసి వైన్స్ వాడు కూడా సరుకివ్వడు. మాల తీయగానే ఇవన్నీ ఒకేసారి పోతాయి. ఆ మనిషికి మీటింగ్ మొదలుపెట్టాల్సిన టైము దీక్షలో ఉన్న నాలుగో, ఐదో వారం. శబరిమల నుంచి దిగేసరికి సాయంత్రాలు వెళ్లడానికి ఒక చోటు, ఫోన్ చేయడానికి ఇద్దరు మనుషులు ఉండాలి. ఒంటి మీద మాలతోనే రావచ్చు, మా దగ్గర వస్తారు.

నర్స్_డీఅడిక్షన్
మాల వేసుకునే రోజున కూడా గుర్తు పెట్టుకోండి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఆ పొద్దున్నే ఆపేస్తాడు. మూడో రోజు "స్వామి పూనాడు" అనుకునేది కొన్నిసార్లు డీటీ. ముందే డాక్టర్‌ని కలిసి వారం మందులు మొదలెట్టి వేసుకుంటే దీక్షకి ఏ లోపం రాదు.

నల్లగొండ_కౌన్సిలర్
మానినంక మల్ల ఒకసారి తాగితే? మొకం చెల్లక పోనేపోరు.

సేవాకమిటీ_విశాఖ
వెళ్లి "మళ్లీ తాగాను" అంటే ఎవరూ తిట్టరు. రోజుల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, అంతే. తాగిన చోటు, టైము, పక్కన ఎవరున్నారు, ఆ రోజు భోజనం చేశాడా, ఎవరి మీదైనా కోపంగా ఉన్నాడా, నిద్ర ఎంత, ఒంటరిగా ఉన్నాడా. స్పాన్సర్ అడిగేవి ఇవే. చాలాసార్లు తాగడం సీసా దగ్గర మొదలవదు, రెండు వారాల ముందు మీటింగులు మానేసిన దగ్గర మొదలవుతుంది. ఒక్కరోజు తాగి ఆగితే నేరుగా మీటింగ్‌కి. వరసగా కొన్ని రోజులు తాగితే మాత్రం ముందు నర్స్ మేడమ్ చెప్పిన దారి. విత్‌డ్రాయల్ ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా రావచ్చు.

డాలస్_తెలుగోడు
స్పాన్సర్ డబ్బులు అప్పు అడిగితే?

సేవాకమిటీ_విశాఖ
ఇవ్వకండి, మీరూ అడక్కండి. చీటీలు, ఇన్సూరెన్స్ పాలసీలు, ప్లాట్లు కూడా అంతే. గ్రూపులు విడిపోయేది ఎక్కువగా వీటి మీదే. స్పాన్సర్ చేసేది మెట్లు దగ్గరుండి చేయించడం, ఫోన్ ఎత్తడం. అది దాటి ఏదైనా అడుగుతుంటే ఇంకొకరిని పెట్టుకోండి, కారణం కూడా చెప్పక్కర్లేదు.